మాల్ట్ లిక్కరు పుట్టుపూర్వోత్తరములు

అమెరికాదేశమున మాల్ట్ లిక్కరను పేర విక్రయింపబడు పానీయము బీరుజాతిలోనిదే. కాని అది వెలయందు బీరుకంటె తక్కువది, మత్తునందు ఎక్కువది. సామాన్యమగు బీరులో మద్యసారము నూటికి సుమారు 5 పాళ్లుండగా, దీనిలో తరచుగా 6 మొదలు 8 వరకు నుండును. మంచువలె చల్లనైన తొలిగుక్కలో మొక్కజొన్నను తలపించు తీపి నాలుకకు తగులును. హాప్స్ పూవుల చేదు లేశమాత్రమే. గుటక దిగిన పిమ్మట మద్యసారపు వేడి గొంతున నిలుచును. వెచ్చబడినకొలదిని ఆ తీపి వెగటై, మిగులపండిన పండ్ల వాసన పైకి వచ్చును.

ఈ రుచికి మూలము దానిని వండు విధమునందే యున్నది. బార్లీని నానవైచి, మొలకెత్తించి, ఆరబెట్టగా లభించునదే మాల్టు. అది ఖరీదైన వస్తువగుటచే, దాని పాలు తగ్గించి మొక్కజొన్ననో, బియ్యమునో, నేరుగా చక్కెరనో కలుపుదురు. ఈస్టు వీనివలన లభించు చక్కెరలో అధికభాగమును మద్యసారముగా మార్చివేయుటవలన బలము పెరుగును గాని, మాల్టు నిచ్చు చిక్కదనమును పరిమళమును అందు సమకూడవు. చేదు చాలనందున మిగిలిన కొద్దిపాటి తీపియే పైకి తేలును.

1933లో మద్యనిషేధము తొలగిన పిదప ఈ పానీయము రూపుదాల్చెను. 1937లో మిషిగన్ రాష్ట్రమందలి అయోనియా పట్టణమున పుట్టిన క్లిక్స్ తొలివానిలో నొకటి. తరువాతి దశాబ్దమున మినియాపోలిస్ నగరపు గ్లూక్ కుటుంబమువారు స్టైట్ అనుదానిని వెలువరించిరి. ప్రసిద్ధి గాంచిన కోల్ట్ 45ను 1963లో బాల్టిమోరునందలి నేషనల్ బ్రూయింగ్ కంపెనీ ప్రవేశపెట్టెను. ఆ నగరపు కోల్ట్స్ ఫుట్‌బాల్ జట్టులో 45వ సంఖ్య ధరించిన జెర్రీ హిల్‌ను బట్టి ఆ పేరు వచ్చెనని చెప్పుదురు.

1935నాటి కేంద్రశాసనము బీరుసీసాలపై మద్యసారపు పాలును ముద్రించుటను నిషేధించెను. ఎవరి సరకు ఘాటైనదను పోటీ పెరుగరాదనుట దాని ఉద్దేశము. అంకెకు తావులేకపోగా, కోల్ట్ 45 గుర్తైన కాలుజాడించు గుఱ్ఱపుపిల్లయు, ష్లిట్జ్ అను సంస్థవారి మాల్ట్ లిక్కరు గుర్తైన వృషభమును ఆ ఘాటును సూచింపసాగినవి. మొదట మధ్యతరగతివారికై యుద్దేశింపబడిన ఈ సరకును కాలక్రమమున నగరములందలి నల్లజాతివారి పేటలవైపు మళ్లించిరి. 1991లో హైల్‌మన్ అను బీరు తయారీసంస్థ పవర్‌మాస్టరను మరింత ఘాటైనదానిని సిద్ధపరచగా, దేశపు ప్రజారోగ్యాధికారియగు సర్జన్ జనరల్ ఆంటోనియా నొవెల్లోయు, ఆ పేటల పెద్దలును తీవ్రముగ ఖండించిరి. పేరే బలమును చాటుచున్నదని ప్రభుత్వ మాక్షేపింపగా సంస్థ దానిని ఉపసంహరించుకొనెను. తుదకు 1995లో, కూర్స్ అను బీరు తయారీసంస్థ తెచ్చిన వ్యాజ్యమున, సుప్రీంకోర్టు అంకెలపైనున్న నిషేధమును కొట్టివేసెను.

40 ఔన్సుల, అనగా దాదాపు 1.18 లీటర్ల, మాల్ట్ లిక్కరు సీసా యొక్కటి మద్యసారమునందు నాలుగైదు సామాన్య బీరులతో సమానము. వెచ్చబడిన రుచి చెడునని దానిని త్వరపడి త్రాగువారు, అంతమత్తును స్వల్పకాలముననే లోనికి దించుకొందురు. చవుకగా వండిన పానీయపు లోపము ఈ విధముగ దేహముపై పడుచున్నది. అల్పాదాయములవారి వీథులలో ఇట్టి సరకును బలముపేర అమ్ముకొనుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. శక్తిని చాటు బొమ్మను గాక, మద్యసారపు అంకెను ప్రతి సీసాపైనను స్పష్టముగ ముద్రించుట విక్రేతల కనీసధర్మము.