దమ్మిడీ పూర్వీకులు

“దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు” అంటాం. ఆ దమ్మిడీ వంశం గ్రీసు దాకా పోతుంది.

గ్రీకులో ‘ద్రాఖ్మె’ అంటే పిడికెడు. నాణేలకు ముందు అక్కడ ఇనుప ఊచలే డబ్బు. ఊచను ఒబొల్ అనేవారు. ఆరు ఒబొల్‌లు ఒక ద్రాఖ్మె. పిడికిట్లో పట్టేవి అన్నేనని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆర్గోస్ దగ్గర హేరా గుడిలో దొరికిన ఊచల కట్ట ఏథెన్స్ నాణేల మ్యూజియంలో ఉంది.

అలెగ్జాండర్ వెండి నాణెం ‘టెట్రాడ్రాఖ్మ్’ అంటే నాలుగు ద్రాఖ్మెలు, దాదాపు 17 గ్రాములు. ఒకవైపు సింహం తోలు కప్పుకున్న హెరాక్లీస్, రెండోవైపు సింహాసనం మీద జ్యూస్. ఈజిప్టులో రాజు టాలెమీ అదే పేరుతో బరువును సుమారు 14 గ్రాములకు దించాడు. అందుకే సేకర్తకు భూతద్దమెంత ముఖ్యమో త్రాసూ అంతే.

వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్ ద్రాఖ్మెల మీద ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠీ లిపిలో ప్రాకృతం. నా దృష్టిలో ఆ కాలపు నాణేలన్నిటిలో ఇవే అందమైనవి. అరచేతిలో రెండు భాషలు ఇమిడిపోతాయి. ద్రాఖ్మె సంస్కృతంలో ‘ద్రమ్మ’ అయింది. అది అరిగి ‘దామ్’ అయింది. అక్బరు కాలంలో రూపాయికి 40 రాగి దామ్‌లు. దామ్‌లో ఎనిమిదో వంతు దమ్డీ. అదే మన నోట దమ్మిడీ.