ఉపాధ్యాయుని స్వకీయ వర్తనము – లోకము తీర్పు

బడిలో పాఠము ముగించి ఇంటికి వచ్చిన పిమ్మటను ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుడుగనే వర్తింపవలెనను అభిప్రాయము మన దేశమున మిక్కిలి రూఢమైనది. వర్తకుని లోకము అతని తూనికనుబట్టి ఎంచును. వైద్యుని హస్తవాసినిబట్టి ఎంచును. ఉపాధ్యాయుని విషయమున మాత్రము ఆతడు ఎవరితో కలిసి భుజించును, ఎవరి ఇంటికి పోవును, ఎట్టి వినోదములను చూచును, ఎవరిని వివాహమాడును అను ప్రశ్నలన్నియు పాఠముతోబాటు విచారణకు వచ్చును. ఇది అనాదిగా ఒకే రూపమున సాగివచ్చిన ధర్మమని పెక్కురు తలంతురు. చరిత్రను పరిశీలించినచో అట్లు తోపదు. ఉపాధ్యాయుని వర్తనము చక్కగా ఉండవలెనను కోరిక పాతదే. కాని చక్కని వర్తనమనగా నేమి, దానిని విచారించుటకు అధికారి ఎవరు అను రెండు విషయములును కాలముతో మారుచు వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమునుండి ఆంధ్రదేశమున జరిగిన ఈ మార్పును స్థూలముగ నిరూపించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా ప్రాచీన ప్రమాణములను స్మరింతము. నిరుక్తకారుడగు యాస్కుడు ఆచార్యశబ్దమునకు చెప్పిన నిర్వచనములలో మొదటిది ఆచారమును గ్రహింపజేయువాడు అనునది. అర్థములను, బుద్ధిని సమకూర్చువాడు అనునవి తరువాతివి. దీనినిబట్టి వర్తనము విద్యకు అనుబంధము కాదనియు, విద్యలో భాగమే అనియు తెలియుచున్నది. అయినను తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి మరలు శిష్యునకు గురువు చేయు అనుశాసనమున ఒక విశేషము కలదు. మా నడవడిలో మంచివానినే అనుసరింపుమనియు, తక్కినవానిని విడువుమనియు గురువే శిష్యునకు చెప్పును. గురువు తన్ను దోషరహితునిగ చెప్పుకొనలేదు. మంచిచెడ్డల నేర్పరచు పనిని శిష్యుని వివేకమునకే విడిచెను. ఇక మనుస్మృతి, వేతనము పుచ్చుకొని వేదము చెప్పువానిని శ్రాద్ధభోజనమునకు అనర్హులైన వారిలో చేర్చినది. బోధనమునకు పైకము తీసికొనుటయే అచట వర్తనదోషముగ ఎంచబడినది. జీతమునకును వర్తన విచారణకును గల సంబంధము మనలో ఎంత పాతదో దీనివలన గ్రహింపవచ్చును. కాని ఊరి బడిపంతులు ఏ కట్టుబాటులలో బ్రతికెనో తెలియుటకు శాస్త్రవాక్యములు చాలవు.

అందుకు ఉపకరించు ఆధారములలో ముఖ్యమైనవి మన్రో కాలపు నివేదికలు. మదరాసు గవర్నరుగా ఉండిన సర్ థామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితినిగూర్చి జిల్లా కలెక్టరులనుండి వివరములను కోరెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక వీనిలో ప్రసిద్ధమైనది. ఈయనయే 1816లో తెలుగు వ్యాకరణమొకటి ప్రకటించిన పండితుడు. తెలుగును కన్నడమును కలిసి వాడుకలో ఉండిన ఆ జిల్లాయందు 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండినట్లు ఆయన లెక్క చూపెను. విద్యార్థి చెల్లించునది సామాన్యముగ నెలకు పావు రూపాయి మొదలు అర రూపాయి వరకు. మన్రో 1826లో వ్రాసిన తన అభిప్రాయపత్రమున, ఉపాధ్యాయుల సంపాదన నెలకు ఆరేడు రూపాయలకు మించదనియు, యోగ్యులను ఈ వృత్తిలోనికి ఆకర్షించుటకు అది చాలదనియు పేర్కొనెను.

ఈ అంకెలు మా విషయమునకు ఆవశ్యకములు. ఆరేడు రూపాయలు ఒక చేతినుండి వచ్చినవి కావు. పావులుగను అర్ధలుగను పదిండ్లనుండి వచ్చినవి. దసరా దినములలో పంతులు పిల్లలను వెంటబెట్టుకొని, వారిచేత విల్లంబులు పట్టించి, పద్యములు పాడించుచు ఇంటింటికి పోయి మామూలు స్వీకరించుట మన పల్లెలయందు చిరకాలము సాగిన ఆచారము. అది యాచన కాదు, హక్కే. అయినను ఊరివారి మెప్పు లేనిదే చేతికి రాని హక్కు. ఇట్టి స్థితిలో పంతులు వర్తనమునకు కొలబద్ద ఊరి ఆచారమే కాగలదు గాని వేరొండు కాజాలదు. కోదండము వేయుట, గోడకుర్చీ వేయించుట మున్నగు కఠినశిక్షలను సామాన్యముగ తల్లిదండ్రులు ఆక్షేపింపరైరి. కాని పంక్తిభోజనమున గాని, మడియందు గాని, కులకట్టుబాటునందు గాని తప్పటడుగు వేసిన పంతులకు ఆ ఊర బడి నిలుచుట దుర్ఘటము. తీర్పరి ఊరు, కొలత ఆచారము, శిక్ష పిల్లలను మాన్పించుట.

ప్రభుత్వము జీతమిచ్చు పాఠశాలలు, కళాశాలలు ఏర్పడిన పిదప ఈ పద్ధతియందు మొదటి చీలిక కలిగెను. దానికి స్పష్టమైన నిదర్శనము కందుకూరి వీరేశలింగము పంతులుగారి చరిత్రము. 1848లో రాజమహేంద్రవరమున జన్మించిన వీరు వృత్తిచే ఉపాధ్యాయులు. 1874లో ధవళేశ్వరమున పనిచేయుచు వివేకవర్ధని పత్రికను వెలువరించిరి. ఆ ఏటనే అచట బాలికాపాఠశాలను నెలకొల్పిరి. పిమ్మట రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలయందు తెలుగు పండితులైరి. 1879లో స్త్రీ పునర్వివాహము శాస్త్రసమ్మతమని బహిరంగముగ ఉపన్యసించి, 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహమును తామే పూనుకొని జరిపించిరి. తోడ్పడినవారిలో వారి శిష్యులు ముఖ్యులు. ఆ శిష్యులు రాత్రులందు కావలి కాయవలసినంత అలజడి పట్టణమున రేగెను.

అనంతరము సంఘము ప్రయోగించిన ఆయుధము బహిష్కారము. పురోహితుడు రాడు, వంటవాడు నిలువడు, నీళ్ళు మోయువాడు మానుకొనును. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తామే నీళ్ళు మోసి తెచ్చి, వచ్చిన దంపతులకును వారి బంధువులకును వండి పెట్టిరి. వివాహములకు సహాయము చేసినవారిలో కొందరు బహిష్కార భయముచే ప్రాయశ్చిత్తములు చేసికొని వెనుదీసిరి. ఇచట రెండంశములు గమనింపదగినవి. మొదటిది: ఊరు పంతులుగారి ఇంటిని ముట్టడింపగలిగెను గాని ఉద్యోగమును ముట్టడింపలేకపోయెను. జీతము సర్కారుది, పిల్లలను మాన్పించుటచే అది ఆగదు. వీధిబడి పంతులైనచో ఈ సాహసమునకు మరునెల కూడు కరవగును. వారి ధైర్యమును తగ్గించుటకు మేము ఇది చెప్పుట లేదు. ఆ ధైర్యము నిలుచుటకు కాలూనిన నేల ఎట్టిదో చూపుచున్నాము. రెండవది: ఉపాధ్యాయుని వర్తనమునకు లోకము విధించిన దండనమున పెద్ద భాగము ఆయన అర్ధాంగి తలమీద పడినది. స్వకీయ జీవితమని మనము పలుకునది నిజమునకు ఒక్కని జీవితము కాదు, ఒక కుటుంబము జీవితము.

అయితే పాత కొలతను త్రోసివేసిన ఈ సంస్కర్తలే క్రొత్త కొలతను నిర్మించిరి. అది ఆచారము కాదు, శీలము. వివేకవర్ధనియందును దాని అనుబంధమగు హాస్యసంజీవనియందును వీరేశలింగము పంతులుగారు ఉద్యోగుల లంచములతోబాటు పెద్దమనుష్యుల వేశ్యాసాంగత్యమును సైతము రచ్చకెక్కించిరి. మడి కట్టుకొని భోగముమేళమునకు పోవువాడు పాత కొలతకు నిర్దుష్టుడు. క్రొత్త కొలతకు పతితుడు. ఎవరి ఇంట భుజించెనన్నది అప్రధానమై, ఎవరి ఇంటికి పోయెనన్నది ప్రధానమైనది.

ఈ కొలతను పరాకాష్ఠకు తెచ్చినవారు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. 1862లో మచిలీపట్టణమున జన్మించి, మదరాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు ప్రభావమునకు లోనై, సికిందరాబాదు మహబూబు కళాశాలకును, ఆ పిమ్మట 1919వరకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకును అధ్యక్షులుగ పనిచేసిన వీరు, సాంఘిక పవిత్రతోద్యమమునకు దక్షిణదేశమున నాయకులైరి. యౌవనముననే భార్యను కోల్పోయి, తిరిగి వివాహమాడక, శుభ్రవస్త్రధారులై బ్రహ్మచర్యవ్రతమున జీవించిరి. భోగముమేళములకు పోరాదని విద్యార్థులచే ప్రతిజ్ఞ చేయించిరి. అనాథలకు శరణాలయము నెలకొల్పిరి. కళాశాలలో స్త్రీలకు ప్రవేశము కల్పించిరి. లోకము విధింపకమునుపే ఉపాధ్యాయుడు తనకు తాను విధించుకొన్న నియమమిది. దీని బలమంతయు ఆ స్వచ్ఛందతయందే కలదు.

ఆనాటి పాలకుల దృష్టి మాత్రము వేరు. 1893లో మదరాసు హిందూ సంఘసంస్కరణ సమాజము వారు, నాచి వేడుకలకు హాజరు కావలదని గవర్నరు జనరలునకును మదరాసు గవర్నరునకును విజ్ఞాపనము పంపిరి. తాము చూచిన వేడుకలలో అనుచితమేమియు కనుపింపలేదని చెప్పి వారు తిరస్కరించిరి. కనుక నూతన శీలాదర్శమును తెల్లదొరల అనుకరణమని మాత్రము త్రోసిపుచ్చుట న్యాయము కాదు. అది ప్రధానముగ దేశీయులైన ఉపాధ్యాయులు, న్యాయవాదులు, పత్రికాసంపాదకులు కూడి కల్పించుకొన్న ఆదర్శము.

ఈ ఆదర్శమునందలి లోపమును ఆ కాలముననే కనిపెట్టినవారు గురజాడ అప్పారావుగారు. విజయనగరము మహారాజావారి కళాశాలయందు అధ్యాపకత్వము వహించిన ఈ మహాకవి రచించిన కన్యాశుల్కము 1892లో మొదట ప్రదర్శింపబడి, 1909లో పెంపొందిన రూపమున వెలువడెను. అందు గిరీశము వెంకటేశమునకు గురువు. సంస్కరణోపన్యాసము ఆతని వృత్తి. మధురవాణి ఇల్లు ఆతని విడిది. శీలము పలుకుబడి తెచ్చు సరకు కాగానే దానిని నటించువాడు పుట్టునని ఈ పాత్ర చాటుచున్నది. మరియొక వైపున సౌజన్యారావు పంతులు నిష్కపటి. వేశ్యలతో మాటాడరాదను వ్రతము గలవాడు. ఆ వ్రతమువలననే మధురవాణి ఆయనను చూచుటకు పురుషవేషమున రావలసివచ్చెను. ఆమె మంచితనమును గుర్తించుటకు ఆయన నియమమే అడ్డు నిలిచెను. తన వర్తనమును శుద్ధముగ నుంచుకొనుటకై మరియొక మనుష్యుని ముఖము చూడననుట ధర్మమగునా అను ప్రశ్నను గురజాడవారు అధ్యాపకలోకము ముందుంచిరి. ఆ ప్రశ్న నేటికిని తీరలేదు. 1947లో దేవదాసీ సమర్పణ నిషేధ శాసనము వచ్చునాటికి కళావంతుల కుటుంబముల స్త్రీలు అనుభవించిన నింద ఆ ప్రశ్నకు వ్యాఖ్యానమే.

స్త్రీలు ఉపాధ్యాయినులైన పిమ్మట రెండు కొలతలును ఏకకాలమున వారిపై పడినవి. పురుషుని విషయమున ఆచారము సడలినచోట శీలము బిగిసినది. స్త్రీ విషయమున ఆచారము సడలకయే శీలము బిగిసినది. ఆమె ఒంటరిగ ఉండినను విమర్శయే, వివాహమాడినను విమర్శయే. 1966 అక్టోబరు 5వ తేదీన పారిసునందు ఆమోదింపబడిన, ఉపాధ్యాయుల ప్రతిపత్తినిగూర్చిన అంతర్జాతీయ సిఫారసునందు, స్త్రీల నియామకమునకు గాని ఉద్యోగకొనసాగింపునకు గాని వివాహము అడ్డు కారాదని ప్రత్యేకముగ వ్రాయవలసివచ్చెను. ఈ కట్టు లోకమున ఎంత వ్యాపించి ఉండెనో ఆ వాక్యమే సాక్ష్యము.

తుదకు ఈ విచారణాధికారము రాజ్యమునకు చేరినది. 1964నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రభుత్వోపాధ్యాయులకును వర్తించినది. భార్య జీవించియుండగా అనుమతి లేక మరల వివాహమాడరాదనుట వంటి నిశ్చిత నియమములతోబాటు, ఉద్యోగికి తగని పని చేయరాదను వ్యాపకమైన నియమమును ఇట్టి నియమావళులయందు కానవచ్చును. మొదటి తరగతి నియమము తెలిసికొనదగినది, పాటింపదగినది. రెండవదాని అర్థము మాత్రము తీర్పు చెప్పువాని మనస్సుననుసరించి మారును. తగనిది అను ఒక్క మాటలో వీధిబడినాటి ఊరు, బహిష్కారమునాటి కులము, పవిత్రతోద్యమమునాటి శీలము మూడును దాగి ఉండగలవు.

ఇంతవరకు చేసిన పరిశీలనమువలన మాకు తోచినది ఇది. ఉపాధ్యాయుని జీవనోపాధి ఎవరి చేతిలో ఉండెనో వారే ఆతని ఇంటిని విచారించుటకు ముందుకు వచ్చిరి. కాని ఉపాధ్యాయుల చరిత్రలో గౌరవింపదగిన ఘట్టములు ఆ విచారణకు లొంగుటవలన ఏర్పడినవి కావు. 1881లో ఆంధ్రదేశము ఒక పండితుని ఇంటి వర్తనమును దోషమని తీర్పు చెప్పెను. ఆ దోషమునే నేడు మనము పాఠ్యగ్రంథములలో గుణముగ బోధించుచున్నాము. కావున సమకాలికుల ఆమోదము ఉపాధ్యాయుని సద్వర్తనమునకు తుది ప్రమాణము కాజాలదు. అట్లని ఆతని వర్తనము ఎవరికిని పట్టని విషయమనుటయు పొసగదు. విద్యార్థికి హాని చేయు నడవడి ఏనాటికిని స్వకీయము కాదు. ఈ రెంటి నడుమ గీత ఎచట గీయవలెననునది ప్రతి తరమువారును ఆలోచింపవలసిన విషయము. బోర్డు పాఠశాలల పాతకాగితములను, ఉపాధ్యాయుల స్వీయచరిత్రలను ఈ దృష్టితో పరిశోధించువారికి విస్తారమైన క్షేత్రము కలదు.

శిక్షావల్లియందలి గురువు తన నడవడిలోని మంచిని మాత్రమే గ్రహింపుమని శిష్యుని కోరెను. దోషము ఉండవచ్చునని ఒప్పుకొనుటకు గురువునకు గల ధైర్యము, ఏరుకొనుటకు శిష్యునకు గల వివేకము, ఈ రెండును ఉన్నచోట బయటి తీర్పరులకు పని తక్కువ. ఆ రెండును కొరవడిన చోటనే కొలబద్దలు పెరిగినవని చరిత్ర చెప్పుచున్నది.