చక్కెర జబ్బు చరిత్రలో ఒక పాత ప్రశ్న

మా అవ్వకు చక్కెర జబ్బు. ఇంటికి ఎవరొచ్చినా "తీపి ఎక్కువ తినింటావు, అందుకే వచ్చింది" అంటారు. అవ్వ ఏమీ మాట్లాడదు. నిజంగా అంతేనా అని నాకు అనుమానం వచ్చి దీని చరిత్ర చదివాను.

1876లో జర్మనీలో ఎబ్‌స్టైన్ అనే వైద్యుడు చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు సోడియం సాలిసిలేట్ ఇచ్చి చూశాడు. అది ఆస్పిరిన్ జాతి మందు, వాపును తగ్గిస్తుంది. దానితో మూత్రంలో చక్కెర తగ్గింది! 1901లో ఇంగ్లండులో విలియమ్సన్ కూడా ఇదే రాశాడు. వాపు మందుకు చక్కెర ఎందుకు తగ్గాలి? అప్పుడు జవాబు దొరకలేదు. 1921లో కెనడాలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనిపెట్టారు. అందరి చూపూ అటు తిరిగింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఊబకాయం ఉన్న చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది, కానీ కండరాలు, కాలేయం దాని మాట వినవు. 1993లో అమెరికాలో హోటమిస్లిగిల్, స్పీగెల్మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా ఎక్కువగా ఉందని చూపింది. అది రోగక్రిములతో పోరాడేటప్పుడు ఒంట్లో పుట్టే పదార్థం. క్రిములే లేని కొవ్వులో దానికేం పని?

2003లో రెండు అమెరికా బృందాలు ఒకే నెలలో సమాధానం రాశాయి. కొవ్వులోకి మాక్రోఫేజ్‌లు చేరుతున్నాయి. ఇవి క్రిములను మింగే కాపలా కణాలు. 1882లో మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చి, దాని చుట్టూ మూగిన ఇలాంటి కణాలనే చూశాడు. సన్నని ఎలుకల కొవ్వులో ఇవి నూటికి పది లోపే. బాగా లావెక్కిన వాటిలో సగం దాటాయి. చచ్చిన కొవ్వు కణం చుట్టూ, బెల్లం ముక్కకు చీమల్లా మూగుతాయి. అవి వదిలే పదార్థాలు ఇన్సులిన్ సంకేతాన్ని అడ్డుకుంటాయి.

మరి ఎబ్‌స్టైన్ మందు? 2001లో షోల్సన్ బృందం, సాలిసిలేట్ ఆ వాపును నడిపించే ఒక ఎంజైమును ఆపుతుందని ఎలుకల్లో చూపింది. అంటే 125 ఏళ్ళు పట్టింది! కానీ మనుషుల్లో సంగతి అంత సులువు కాదు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి చూస్తే, 1996లో వచ్చిన ఫలితాల్లో చక్కెర తగ్గలేదు.

ఇదంతా అవ్వకు చెప్పాను. "అయితే ఆ మాత్ర నాకెందుకు ఇయ్యలేదు?" అనింది. అంత మోతాదు వేసుకుంటే చెవుల్లో హోరు, కడుపులో పుండ్లు వస్తాయన్నాను. తిండి, బరువు సంగతి అబద్ధం కాదనీ, కానీ అదొక్కటే కాదనీ చెప్పాను. అవ్వ కాసేపు ఆలోచించి, "ఈసారి ఎవరైనా తీపి మాట ఎత్తితే నువ్వే చెప్పు" అనింది.