గ్రిమ్ము కథలలోని కన్నతల్లి

జర్మనుభాషా వ్యాకరణకర్తగాఁ బ్రసిద్ధుఁడగు యాకోబు గ్రిమ్మును, అతని తమ్ముఁడు విల్హెల్మును సంకలించిన జానపదకథల ప్రథమసంపుటము 1812 వ సంవత్సరమున వెలువడెను. శిశువులకును గృహములకును ఉద్దిష్టమని పేరు గలదయ్యు, నందు శిశువులకుఁ దగని ఘోరములు గలవని నాఁటి విమర్శకు లాక్షేపించిరి. పశువధను జూచిన బాలురు దాని నాటగా ననుకరించి తోడిబాలునిఁ జంపిన కథ 1819 నాఁటి ద్వితీయముద్రణమునఁ బరిహృతమయ్యెను. తరువాతి సవరణలు ప్రధానముగా విల్హెల్మువి.

అందు హాన్సెలు, గ్రెటెలు కథ గమనింపఁదగినది. ప్రథమముద్రణమున, దినభోజనమునకే గడవని యింట, బిడ్డలను అడవిలో విడువుమని భర్తను బ్రేరేపించినది కన్నతల్లియే. 1840 నాఁటి చతుర్థముద్రణమున నామె సవతితల్లి యయ్యెను. హిమశ్వేత యను బాలిక కథలో నీ మార్పు 1819 లోనే జరిగెను. మాతృగౌరవము రక్షితమయ్యెఁ గాని, దోషమంతయు సవతితల్లిపైఁ బడెను.

ఇంతమాత్రమునఁ గ్రౌర్యము తొలఁగె ననుట పొసఁగదు. కాల్చిన యినుపచెప్పులు తొడిగికొని దుష్టరాణి చచ్చువఱకు నాడిన ఘట్టము 1857 నాఁటి సప్తమముద్రణమునను నిలిచియున్నది. దండరూపమైన క్రౌర్యము నీతిగాఁ జెల్లినది. దైన్యజనితమైనది మాత్రము మఱుఁగుపఱుపఁబడినది. కఱవు ప్రసక్తి తుదిపాఠమునను గలదు. అది కన్నతల్లిచేత నేమి చేయింపఁగలదో ప్రథమపాఠము మాత్రమే చెప్పుచున్నది.