గేమింగ్ పీసీలో రెండు గ్రాఫిక్స్ కార్డులు పెడితే స్పీడ్ డబుల్ అవుతుందా? డబ్బులు పెట్టేముందు ఇవి తెలుసుకోండి!

పీసీలో ఆల్రెడీ ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంది. కొత్త గేమ్స్‌కి అది సరిపోవట్లేదు. పెద్ద కార్డు కొందామంటే రేటు చూసి కళ్లు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే మీ దగ్గరున్న మోడలే సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపించింది. మదర్‌బోర్డు మీద రెండో స్లాట్ కూడా ఖాళీగానే ఉంది. "ఇంకోటి పక్కన పెట్టేస్తే స్పీడ్ డబుల్ కదా?" అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

కానీ ఒక్క నిమిషం ఆగండి. ఈ లెక్క ఒకప్పుడు కొంతవరకు నిజమే. ఇప్పుడు మాత్రం గేమింగ్‌లో దాదాపు పని చేయదు. చాలా గేమ్స్‌లో రెండో కార్డు ఊరికే కూర్చుంటుంది. ఎందుకలా? మరి ఆ డబ్బుతో ఏం చేస్తే బెటర్? ఇప్పుడు చూద్దాం.

క్లుప్తంగా చెప్పాలంటే..

• కొత్త గేమ్స్‌లో ఎక్కువ భాగం ఒక్క కార్డునే వాడతాయి.
• రెండు 8 జీబీ కార్డులు పెట్టినా గేమ్‌కి సాధారణంగా దొరికేది 8 జీబీనే.
• కరెంటు, వేడి మాత్రం కచ్చితంగా పెరుగుతాయి.
• వీడియో రెండరింగ్, ఏఐ లాంటి పనులకు మాత్రం రెండు కార్డులు ఇప్పటికీ ఉపయోగమే.

ఈ ఐడియా ఎప్పటిది?

ఇది కొత్తదేం కాదు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ వూడూ2 కార్డు తెచ్చింది. అలాంటివి రెండు కలిపితే స్క్రీన్ మీద ఒక గీత ఒక కార్డు, తర్వాతి గీత ఇంకో కార్డు గీసేవి. దాని పేరే ఎస్‌ఎల్‌ఐ. ఆ తర్వాత ఆ కంపెనీ ఆస్తులను ఎన్విడియా కొనేసింది. 2004లో అదే ఎస్‌ఎల్‌ఐ పేరును ఎన్విడియా తన జీఫోర్స్ 6 సిరీస్ కార్డులతో మళ్లీ తీసుకొచ్చింది. 2005లో ఏటీఐ పోటీగా క్రాస్‌ఫైర్ తెచ్చింది. 2006లో ఏఎండీ ఏటీఐని కొన్నాక క్రాస్‌ఫైర్ ఏఎండీది అయింది.

అక్కడి నుంచి పదేళ్ల పైనే ఈ ట్రెండ్ నడిచింది. ఒకే కార్డులో రెండు చిప్‌లు పెట్టి కూడా అమ్మారు. 2012లో వచ్చిన జీటీఎక్స్ 690 రేటు 999 డాలర్లు. 2014లో ఏఎండీ ఆర్9 295ఎక్స్2 రేటు 1,499 డాలర్లు. అదే ఏడాది ఎన్విడియా టైటాన్ జెడ్ అయితే ఏకంగా 2,999 డాలర్లు! డబ్బున్న గేమర్ల గొప్పకి అప్పట్లో ఇదే గుర్తు.

రెండు కార్డులు పని ఎలా పంచుకునేవి?

గేమ్ అంటే సెకనుకి పదుల సంఖ్యలో మారే బొమ్మలు. ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటారు. రెండు కార్డులుంటే ఎక్కువగా వాడే పద్ధతి ఇది.. ఒకటో ఫ్రేమ్ మొదటి కార్డు, రెండో ఫ్రేమ్ రెండో కార్డు, మూడోది మళ్లీ మొదటి కార్డు. ఇలా వంతులవారీగా గీస్తాయి. వినడానికి సింపుల్‌గానే ఉంది. రెండు చేతులతో పని చేస్తే డబుల్ స్పీడ్ రావాలి కదా?

ఇక్కడే ఉంది అసలు మెలిక. రెండు కార్డులూ తమ ఫ్రేమ్‌ని స్క్రీన్‌కి ఒకే గ్యాప్‌తో అందించవు. 60 ఎఫ్‌పీఎస్ అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒక ఫ్రేమ్ రావాలి. రెండు కార్డుల్లో ఒక ఫ్రేమ్ 5 మిల్లీసెకన్లకే వచ్చేసి, తర్వాతిది 28 మిల్లీసెకన్లకి వచ్చిందనుకోండి. సగటు తీస్తే 60 ఎఫ్‌పీఎస్సే. కానీ కంటికి గేమ్ ఆగి ఆగి నడిచినట్టు ఉంటుంది. దీన్నే మైక్రో స్టట్టర్ అంటారు.

బస్‌స్టాప్‌లో ఇది మనకి అలవాటైన సీనే. గంటకి రెండు బస్సులని బోర్డు మీద ఉంటుంది. తీరా చూస్తే రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్లిపోతాయి. మిగతా యాభై నిమిషాలూ మనం నిలబడాల్సిందే. లెక్క కరెక్టే, ప్రయాణమే సాఫీగా లేదు!

2013లో ఈ ఫ్రేమ్‌ల మధ్య గ్యాప్‌ని కొలిచే టూల్స్ బయటికి వచ్చాకే సమస్య ఎంత పెద్దదో అందరికీ తెలిసింది. అదే ఏడాది ఏఎండీ ఫ్రేమ్‌లు సమంగా అందేలా కొత్త డ్రైవర్ కూడా ఇచ్చింది. పరిస్థితి మెరుగైంది కానీ జబ్బు పూర్తిగా పోలేదు.

8 + 8 = 16 కాదా?

ఇది చాలామంది పడే పొరపాటు. రెండు కార్డుల్లో ఒక్కోదానికి 8 జీబీ మెమరీ ఉంటే మొత్తం 16 జీబీ అనుకుంటారు. కాదు. రెండు కార్డులూ అదే గేమ్ సీన్ గీయాలి కాబట్టి, అవే గోడలు, అవే చెట్లు, అవే మొహాలు రెండింటి మెమరీలోనూ ఉండాలి. ఒకే టెక్స్ట్‌బుక్ రెండు కాపీలు కొన్నట్టు అన్నమాట. పుస్తకాలు రెండయ్యాయి కానీ పాఠాలు అవే.

ఇప్పుడు పాత కార్డులు ఇబ్బంది పడేది చాలాసార్లు ఈ మెమరీ దగ్గరే. కొత్త గేమ్స్‌లో టెక్స్చర్ సెట్టింగ్ పెంచితే 8 జీబీ ఇట్టే నిండిపోతుంది. మీ సమస్య అదే అయితే, రెండో కార్డు కొనడం వల్ల ఆ సమస్య అలాగే ఉంటుంది. పోయేది డబ్బే.

2016లో ఏం జరిగింది?

రెండు చిన్న కార్డులా, ఒక పెద్ద కార్డా అన్న ప్రశ్నకి 2016 మంచి ఉదాహరణ. ఆ ఏడాది తైవాన్‌లో జరిగిన కంప్యూటెక్స్ షోలో ఏఎండీ తన కొత్త ఆర్‌ఎక్స్ 480 కార్డులు రెండు కలిపి, ఎన్విడియా జీటీఎక్స్ 1080 ఒక్కదానితో పోటీ పెట్టింది. గేమ్ పేరు యాషెస్ ఆఫ్ ద సింగులారిటీ. రెండు చిన్న కార్డులే కాస్త ముందున్నాయి. పైగా రెండూ కలిపి 500 డాలర్ల లోపే అని ఏఎండీ చెప్పింది. జీటీఎక్స్ 1080 మొదలయ్యేదే 599 డాలర్ల నుంచి. చూసినవాళ్లు ఆశపడటంలో తప్పేముంది?

కానీ ఆ గేమ్ ఏదో చూశారా? రెండు కార్డులు వాడుకునేలా డెవలపర్లు ప్రత్యేకంగా కష్టపడి తయారు చేసిన కొద్ది గేమ్స్‌లో అది ఒకటి. అలా సపోర్ట్ ఇవ్వని గేమ్‌లో ఒక ఆర్‌ఎక్స్ 480 పని చేస్తుంది, రెండోది ఖాళీగా ఉంటుంది. అప్పుడు మీ చేతిలో ఉన్నది 500 డాలర్ల సెటప్ కాదు, అందులో సగమే. జీటీఎక్స్ 1080 కొన్నవాళ్లకి మాత్రం ఏ గేమ్ పెట్టినా పూర్తి కార్డు పని చేస్తుంది. కరెంటు లెక్క కూడా చూడండి. కంపెనీల లెక్క ప్రకారం ఒక్కో ఆర్‌ఎక్స్ 480 150 వాట్స్, రెండూ కలిపి 300. జీటీఎక్స్ 1080 ఒక్కటే 180 వాట్స్.

కంపెనీలు ఎందుకు చేతులెత్తేశాయి?

మొదటి కారణం, గేమ్స్ తయారయ్యే పద్ధతి మారింది. ఇప్పటి గేమ్స్‌లో అంచులు నునుపుగా కనిపించడానికి ముందు ఫ్రేమ్ సమాచారాన్ని తర్వాతి ఫ్రేమ్‌లో వాడతారు. ముందు ఫ్రేమ్ ఒక కార్డులో, ఇప్పటి ఫ్రేమ్ ఇంకో కార్డులో ఉంటే ఏమవుతుంది? ఆ డేటా ప్రతిసారీ అటూ ఇటూ పంపుకోవాలి. వంతుల పద్ధతికి ఉన్న లాభమంతా అక్కడే కరిగిపోతుంది.

రెండోది, బాధ్యత చేతులు మారింది. పాత రోజుల్లో ఒక్కో గేమ్‌కి ప్రొఫైల్ తయారు చేసి డ్రైవర్‌లో పెట్టే పని ఎన్విడియా, ఏఎండీలదే. విండోస్ 10తో పాటు 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12లో ఆ పని గేమ్ డెవలపర్ మీద పడింది. రెండు కార్డులున్న ప్లేయర్లు ఎంతమంది? చాలా తక్కువ. వాళ్ల కోసం నెలల తరబడి పని ఎవరు చేస్తారు? షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్, స్ట్రేంజ్ బ్రిగేడ్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి కొన్ని గేమ్స్ చేశాయి. మిగతావాళ్లు ఎక్కువ మంది వదిలేశారు.

ఆ తర్వాత ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చింది. 2019లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 5700 సిరీస్‌లో క్రాస్‌ఫైర్ లేదు. 2020లో ఎన్విడియా ఆర్టీఎక్స్ 30 గేమింగ్ సిరీస్‌లో రెండు కార్డులు కలిపే కనెక్టర్ 3090కి మాత్రమే ఇచ్చింది. 2021 జనవరి 1 నుంచి పాత కార్డులకి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైల్స్ ఇవ్వడం ఆపేసింది. 2022లో వచ్చిన ఆర్టీఎక్స్ 4090లో ఆ కనెక్టరే లేదు. 2025లో 1,999 డాలర్ల రేటుతో వచ్చిన 5090లోనూ అంతే.

కరెంటు, వేడి, బోర్డు.. ఇవీ ఖర్చులే

రెండో కార్డు రేటు ఒక్కటే చూసి లెక్క వేయకండి. ఉదాహరణకి ఆర్టీఎక్స్ 3090 ఒక్కోటి 350 వాట్స్. రెండు పెడితే కార్డులకే 700 వాట్స్. ప్రాసెసర్, మిగతావి కలిపితే 1,000 వాట్స్ పైన మంచి పవర్ సప్లై కావాలి. రెండో కార్డు ఫుల్ లోడ్‌లో రోజుకి 4 గంటలు నడిస్తే 1.4 యూనిట్లు, నెలకి 42 యూనిట్లు అదనం. మన దగ్గర బిల్లు స్లాబుల మీద నడుస్తుంది కాబట్టి ఆ 42 యూనిట్లు మిమ్మల్ని పై స్లాబ్‌లోకి తోసే ఛాన్స్ కూడా ఉంది.

వేడి సంగతి చెప్పక్కర్లేదు. కింద కార్డు వదిలే వేడి గాలినే పై కార్డు లాక్కుంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో ఇది చిన్న విషయం కాదు. కార్డు బాగా వేడెక్కితే తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది.

మదర్‌బోర్డు కూడా చూసుకోవాలి. మామూలు ప్రాసెసర్లు గ్రాఫిక్స్ కోసం 16 లేన్లు ఇస్తాయి. రెండు కార్డులు పెట్టే వీలున్న బోర్డులు దాన్ని 8, 8గా పంచుతాయి. తక్కువ రేటు బోర్డుల్లో రెండో స్లాట్ చూడటానికి పొడుగ్గానే ఉన్నా, లోపల 4 లేన్లో అంతకంటే తక్కువో ఉంటాయి. స్లాట్ ఖాళీగా ఉంది కదా అని నమ్మేయొద్దు.

మరి రెండు కార్డులు ఎవరికి ఉపయోగం?

బ్లెండర్‌లో త్రీడీ రెండరింగ్ చేసేవాళ్లకి రెండు కార్డులు నిజంగానే టైమ్ తగ్గిస్తాయి. ఇంట్లోనే ఏఐ మోడల్స్ నడిపేవాళ్లకీ పనికొస్తాయి. ఎందుకంటే అక్కడ మోడల్‌ని ముక్కలు చేసి రెండు కార్డుల మెమరీలో పెట్టొచ్చు. అంటే గేమ్‌లో కుదరని 24 + 24 లెక్క అక్కడ కుదురుతుంది.

గేమింగ్‌లోనూ ఒక చిన్న మినహాయింపు ఉంది. స్టీమ్‌లో దొరికే లాస్‌లెస్ స్కేలింగ్ అనే యాప్‌తో గేమ్‌ని పెద్ద కార్డు మీద నడిపి, మధ్యలో అదనపు ఫ్రేమ్‌లు పుట్టించే పనిని రెండో కార్డుకి ఇవ్వొచ్చు. ఇంట్లో పాత కార్డు పడి ఉంటే ట్రై చేయొచ్చు. దీని కోసమే కొత్తగా డబ్బు పెట్టాల్సినంత సీన్ లేదు.

లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ కనిపిస్తున్నాయే?

టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపిస్తే కంగారు పడకండి. ఒకటి ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్, ఇంకోటి గేమింగ్ కార్డు. బ్యాటరీ మిగలడానికి మామూలు పనులు చిన్నది చేస్తుంది, గేమ్ పెట్టగానే పెద్దది లేస్తుంది. రెండూ కలిసి గేమ్ స్పీడ్ పెంచవు.

అయితే ఇప్పుడు ఏం చేయాలి?

1. ముందు ఖర్చు లేని పని చేయండి. గేమ్ సెట్టింగ్స్‌లో డీఎల్‌ఎస్‌ఎస్ లేదా ఎఫ్‌ఎస్‌ఆర్ ఉంటే ఆన్ చేసి చూడండి. టెక్స్చర్ ఒక మెట్టు తగ్గించండి. చాలామందికి ఇంకో ఏడాది గడిచిపోతుంది.

2. అసలు తప్పు కార్డుదేనా చూడండి. గేమ్ ఆడుతూ టాస్క్ మేనేజర్ తెరవండి. కార్డు 95 శాతం పైన వాడకంలో ఉంటే కార్డే చాలట్లేదు. 50, 60 దగ్గరే ఉంటే సమస్య ప్రాసెసర్‌దో ర్యామ్‌దో కావొచ్చు. అప్పుడు ఎంత పెద్ద కార్డు కొన్నా తేడా పెద్దగా రాదు.

3. కార్డే మార్చాలంటే పాతది అమ్మేయండి. ఆ డబ్బుకి రెండో కార్డు కోసం దాచింది కలిపి ఒక్క మంచి కార్డు తీసుకోండి. మెమరీ ఎక్కువున్నదానికి మొదటి ఓటు వేయండి.

4. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, సెకండ్ హ్యాండ్ అయితే బిల్లు, దాని మీద సీరియల్ నంబర్, వారంటీ ఎంత మిగిలుందో చూడండి. అమ్మేవాళ్ల దగ్గరే కనీసం పావుగంట గేమ్ నడిపించి చూపించమనండి. ఒప్పుకోకపోతే ఆ డీల్ వదిలేయడమే మంచిది.

5. కొత్త కార్డుకి మీ పవర్ సప్లై సరిపోతుందో లేదో కొనేముందే లెక్క వేసుకోండి. పేరు లేని చవక పవర్ సప్లైతో ఖరీదైన కార్డుని నడిపించొద్దు.

ఎవరైనా "ఇంకోటి పెట్టుకో బ్రో, డబుల్ అవుతుంది" అంటే ఒక్క ప్రశ్న అడగండి.. "నేను ఆడే గేమ్ రెండో కార్డుని వాడుకుంటుందా?" మీరు రోజూ ఆడే ఐదు గేమ్స్ పేర్లు రాసుకుని ఒక్కోటి చెక్ చేయండి. ఐదింటికీ సమాధానం "లేదు" అనే వస్తే ఆ డబ్బు జేబులోనే ఉంచండి. ఇంకొంచెం కూడబెట్టి ఒక్క కార్డే కొనండి. పెట్టిన ప్రతి రూపాయీ ప్రతి గేమ్‌లోనూ పని చేస్తుంది.