సంగటి కట్టె

మా అవ్వ వంటింట్లో రోజూ సంగటే. ఎసట్లో నూకలు ఉడికాక రాగిపిండి గుట్టగా పోసి, మధ్యలో కట్టెతో బొక్క పెట్టి మూత వేసేది. పిండి మగ్గినాక సట్టిని కిందికి దించి, కాళ్ల మధ్య అదిమిపట్టి గెలికేది. ఉండ కట్టిందా, ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు. నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి. వరన్నం పండక్కో, చుట్టం వస్తేనో. మా అనంతపురం వాన వరికి ఏ మూలకు?

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకే బియ్యం ఇచ్చింది. మా ఇంట్లో తెల్లన్నం రోజువారీ అయింది. రాగులు విసిరే పని తప్పిందని అమ్మ సంతోషించింది, న్యాయమే. అవ్వ మాత్రం "ఇది కడుపులో నిలబడదు నాయనా" అనేది.

ఆ కట్టె ఇప్పుడు నా దగ్గరుంది. ఆదివారం నా ఒక్కడికే గెలుక్కుంటాను. ఇంకా ఉండలు కడుతూనే ఉన్నాయి.