సిలిండ్రోస్పెర్మాప్సిన్: ఒక విషం, దాని పేరు

శ్రీకాకుళం జిల్లా భావనపాడు వైపు రొయ్యల చెరువు గట్టెక్కితే ముందు చూసేది నీటి రంగునే. లేత పచ్చగా ఉంటే రైతుకు ధైర్యం. నీలిపచ్చ తెట్టు కడితే గుబులు. ఆ తెట్టు సయనోబాక్టీరియాది. మనం నాచు అని సరిపెట్టుకుంటాం గానీ అవి కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా. అన్నీ విషపూరితం కావు. ఏది విషం చిమ్ముతుందో రంగు చూసి చెప్పలేం.

వీటి విషం సంగతి 1878లోనే 'నేచర్' పత్రికకెక్కింది. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో తెట్టు పట్టిన నీళ్లు తాగి గొర్రెలు, గుర్రాలు చచ్చిపోయాయని జార్జ్ ఫ్రాన్సిస్ రాశాడు.

మన వాళ్ల ప్రసక్తి 1972లో వస్తుంది. హైదరాబాదు చెరువుల ప్లవకాలను పరిశీలించిన జి. సీనయ్య, ఎన్. సుబ్బరాజుతో కలిసి, జావాలో 1912లో గుర్తించిన ఒక సన్నని పోగులాంటి సయనోబాక్టీరియా జీవిని మళ్లీ పరీక్షించారు. నత్రజనిని పట్టే ప్రత్యేక కణం దీనికి పోగు కొసన పుడుతుంది. అంతవరకూ దాన్ని చేర్చిన అనబీనాప్సిస్ ప్రజాతిలో అలా కాదు. అందుకే సిలిండ్రోస్పెర్మాప్సిస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచారు. విషం ఊసు అప్పటికి లేదు.

ఏడేళ్లకు ఆస్ట్రేలియా పామ్ ఐలాండ్‌లో 148 మంది, అత్యధికులు పిల్లలు, వాంతులతో, వాచిన కాలేయాలతో జబ్బుపడ్డారు, మూత్రపిండాలూ దెబ్బతిన్నాయి. అందరూ కోలుకున్నారు. అంతకు కొద్ది రోజుల ముందే తాగునీటి జలాశయంలో నాచు చావడానికి మైలుతుత్తం కలిపారు. కణాలు పగిలి, లోపలి విషం ఒక్కసారిగా నీళ్లలోకి దిగిందని తర్వాత తేలింది. చిక్కంతా ఇక్కడే: మందు నాచును చంపుతుంది, విషాన్ని కాదు. ఆ నీళ్లు కాచినా ప్రయోజనం ఉండదు.

దోషి సీనయ్య, సుబ్బరాజుల ప్రజాతికి చెందిన జీవే. 1992లో విషం నిర్మాణం తేలింది, పేరు సిలిండ్రోస్పెర్మాప్సిన్. ఇది కణాల్లో ప్రోటీన్ల తయారీకి అడ్డుపడుతుంది. సయనోబాక్టీరియాదే మరో విషం మైక్రోసిస్టిన్ దారి వేరు, కాలేయ కణాల్లో దూరి ఫాస్ఫటేజ్ ఎంజైములను కట్టిపడేస్తుంది. 1996లో బ్రెజిల్ కరువారులో డయాలిసిస్ నీటి ద్వారా యాభై మందికి పైగా ప్రాణాలు తీసింది అదే. జీవితాంతం తాగే నీటిలో సిలిండ్రోస్పెర్మాప్సిన్ లీటరుకు 0.7 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

2018లో జన్యు ఆధారాలతో సిలిండ్రోస్పెర్మాప్సిస్‌ను రాఫిడియాప్సిస్ ప్రజాతిలో కలిపేశారు. విషం పేరు మాత్రం మారలేదు.